మౌలాలి సౌండ్ సర్వీస్

మార్కెట్ యార్డుల పొద్దుగాల ఒక పార్టీ మీటింగు,
సందెకాడ ఇంకోటి.
రెంటికీ మైకు నాదే.
అచ్చంపేటల ఎవర్నడిగినా చూపిస్తరు,
కోర్టు ఎదురుంగ, పంక్చర్ షాపు పక్కన.

ఘాట్ రోడ్డు మీద కల్వర్టు పేలి
ఆనాటికి పదకొండు దినాలు.
జీపుల నలుగురు.
ముగ్గురి పేర్లు పేపర్లొచ్చినయి.
నాలుగో మనిషి హోంగార్డు నిరంజన్,
'మరొకరు' అని రాసిన్రు.

పొద్దుగాలోళ్లు అన్నరు:
అడవిని జల్లెడ పట్టాలె,
వాళ్లకు బువ్వ పెట్టిన చెయ్యి సుత ఇరగ్గొట్టాలె,
పాముతోని ముచ్చట పెడ్తరా ఎవరన్న?
చప్పట్లు. బాక్సులు అదిరినయి.
వాల్యూం జర తగ్గించిన.

సందెకాడోళ్లు అన్నరు:
తుపాకితోని తుపాకి సల్లారదు,
పిలువున్రి, కూసోబెట్టున్రి, మాట్లాడున్రి,
పెంటలల్ల బడి ఏది,
చెంచోళ్ల చేతిల భూమి కాయితమేది?
చప్పట్లు.
మళ్ల తగ్గించిన.

నాకు లోపల నవ్వొచ్చింది.
ఆరేండ్ల కింద ఇదే యార్డు, ఇదే ఆంప్లిఫయర్.
అప్పుడు గద్దె మీదున్నది సందెకాడోళ్లు,
జల్లెడ మాట వాళ్ల నోట్లదే.
బడి గురించి, కాయితం గురించి ఏడ్చింది
ఈ పొద్దుగాలోళ్లే.
మనుషులు లేచి కుర్చీలు మారిన్రు,
మాటలు కుర్చీలకే అంటుకోని ఆణ్నే ఉన్నయి.
మైకుకు యాది ఉండదు.
వైరు చుట్టేటోనికి ఉంటది.

ఒక్క పని మాత్రం రెండు పార్టీలూ ఒక్క తీర్గనే చేసినయి:
నిరంజన్ పెండ్లాం ఈదమ్మను
స్టేజి మూలకు ప్లాస్టిక్ కుర్చీల కూసోబెట్టినయి.
పొద్దున ఒక శాలువా, సందెకు ఒక శాలువా,
ఎండకాలంల ఉన్నివి.
ఆమెకు మైకు ఇయ్యాలని ఎవ్వరికీ తట్టలే.
నాకు తట్టింది.
నేనూ ఇయ్యలే.
రెండు పార్టీలు పోయిన ఎలక్షన్ల బిల్లు బాకీ నాకు.

జనం పోయిన్రు. పల్లీ పొట్టు, తొక్కిన జెండలు.
బాక్సులు ఆటోల ఎక్కిస్తుంటె ఆమె వచ్చింది.
"అన్నా, గిది ఇంక మోగుతదా?"
పీకిన ప్లగ్గు మళ్ల పెట్టిన.

వేడి గంజు దించుతున్నట్టు
రెండు చేతుల పట్టుకున్నది.
ఉఫ్ అని ఊదింది.
గోదాం గోడకు తగిలి ఉఫ్ వాపసొచ్చింది,
ఒక్క అడుగు ఎనకకు జరిగింది.

"సారూ," అన్నది, ఎవరో ఆ సారు.
"మా ఆయన సద్ది డబ్బ మీ టేషన్ల ఉన్నది.
సాక్ష్యం, ఇయ్యం అంటున్రు.
మూత మీద నా పేరు గీకి ఉంటది, చూడున్రి.

వాళ్లను చంపున్రి అనాల్నో, పిలువున్రి అనాల్నో
నాకు ఎరుక లేదు.
రాత్రి చంపాలె అనిపిస్తది.
తెల్లారి, పిల్ల జడ అల్లుతుంటె,
ఎవలన్న ఎవలతోనన్న మాట్లాడితె బాగుండు అనిపిస్తది.
మళ్ల రాత్రయితది.
మీకు దినమంత ఒక్క తీర్గనే ఎట్లనిపిస్తదో.

పిల్లకు బడికి డబ్బ లేదు సారూ.
సొట్టపోయినా ఏం కాదు."

ఆమె మాట్లాడినంత సేపు
నేను వాల్యూం ముట్టుకోలే.

యార్డు గోడకు ఆనుకునే పోలీసు టేషను.
సెంట్రీ లేచి నిలబడ్డడు.
ఇటు చూసిండు.
ఇసుక మూటల ఎనక
మళ్ల కూసున్నడు.