కామా ఒడ్డు పిల్ల

ఆరో తరగతి లెక్కల పుస్తకం మీద
తైసియా గ్రొమోవా తలకిందులుగా ఈదేది.
చిట్టెన్న మావయ్యకి పోస్టులో వచ్చే రష్యా పత్రిక కాగితం,
వేలు జారిపోయేంత నునుపు, కిరసనాయిలు వాసన.
అట్ట వేసింది నేనే. తిరగేసి వేశాను.
బొమ్మ కింద తెలుగులోనే ఉంది:
"కామా నది ఒడ్డున పుట్టిన పదిహేడేళ్ళ పిల్ల.
వెల్లకిల ఈత, రెండొందల మీటర్లు."

నదికి కామా అని పేరేంటండీ అంటే
సుందర్రావు మాస్టారు అట్లాసు తిరగేస్తూనే ఉన్నారు.
"మన గోదారికి అంతర్వేది ఫుల్‌స్టాపండీ"
వెనక బెంచీలోంచి కృపానందం.
క్లాసు క్లాసంతా నవ్వింది, మాస్టారు కూడా.

నాన్న లొల్ల లాకుల మీద లస్కరు.
ఏ కాలవకి ఎన్ని అంగుళాలో
నీళ్ళకి చెప్పే ఇంట్లో పుట్టాను.
మునగీతా కుక్కీతా మా రేవులో అందరికీ వచ్చు.
వెల్లకిలా తేలడమూ వచ్చు, అది బద్ధకానికి.
వెల్లకిలా పోవడం ఎవరికీ రాదు.
బొమ్మలో చూశాను: చెయ్యి వెనక్కి వాలి నీళ్ళలో దిగేప్పుడు
చిటికెన వేలు ముందు. బొటనవేలు కాదు.
ఆ ఒక్క వేలు కోసం
దాళ్వా నీళ్ళున్నన్నాళ్ళూ లంగా గోచీ పోసి,
గుర్రపుడెక్క పూలతో సహా జుట్టుకి చిక్కుకుంటుంటే.

ముందేముందో కనపడదు.
తాటిపట్టెల వంతెన నీడ మొహం దాటిందంటే
రేవు రాయికి ఇంకా ఆరు బారలు.
ఆరని తెలియక ముందు ఏడు వేశాను.
ఇదిగో, పాపిట్లో ఈ మచ్చ.

ఏడో తరగతి సోషలు మీద ఆమె మెడలో పతకం,
నవ్వితే పన్ను మీద పన్ను.
ఎనిమిదిలో, సైన్సు మీద, కుడి భుజానికి పట్టీ,
గోరంత తేడాలో నాలుగో స్థానం,
"వచ్చే శీతాకాలానికి తిరిగి సిద్ధమవుతోంది."
గెలవనోళ్ళని కూడా రంగుల్లో వేసేవారు.

తొమ్మిదిలోకొచ్చేసరికి మావయ్య చేతులు ఖాళీ.
"పత్రికేంటే, ఆ దేశమే లేదంట."
ఎవరిదో గేదె చచ్చిపోయిందన్నట్టు చెప్పి
అరుగు మీద కూర్చుని
చాలాసేపు చెప్పులు దులుపుకున్నాడు.
ఆ ఏడు అట్టలన్నీ సిమెంటు సంచి కాగితం.
ఏ శీతాకాలమో, ఆ భుజం ఏమయిందో.

కాకినాడలో బళ్ళ పోటీలకి పంపారు నన్నొకసారి.
కదలని నీళ్ళలో దిగడం అదే మొదలు.
కాలవ తోసే తోపుని లెక్కేసుకుని నేర్చిన చెయ్యి
తోసేవాళ్ళు లేక వంకరపోయి
తాడుకి గుద్దుకుని, మళ్ళీ గుద్దుకుని,
అయిదుగురిలో అయిదోదాన్ని.
ఇంటికొస్తే నాన్న అడిగిందొకటే:
"అక్కడ నీళ్ళెన్నడుగులే?"

మొన్న మా చిన్నది ఫోనులో వెతికింది.
తైసియాలు బోలెడు. ఒకామె పళ్ళ డాక్టరు.
ఒకామె కేకులమ్ముతుంది.
ఒకామె ఈతకొలను గట్టున, చుట్టూ పిల్లలు, మెడలో ఈల,
కుడి భుజం కొంచెం కిందికి జారి.
నవ్వితే తెలిసేదే, అన్నాను.
ఆ ఫోటోలో నవ్వలేదు.

ఏప్రిల్లో కాలవ కట్టేస్తారు. ఇంకా పదకొండు రోజులు.
పొద్దు పొడుస్తుండగా దిగాను
నలభై ఎనిమిదేళ్ళ నడుముతో.
చెవులు మునగ్గానే ఊరు ఆగిపోయింది,
ఎక్కడో లాకు గొలుసు కిర్రుమనడం తప్ప.
ఇప్పుడది సిమెంటు వంతెన, నీడ వెడల్పెక్కువ.
రేవుని కూడా ముందుకి జరిపారు.
పాత లెక్క పనికిరాదు.
చిటికెన వేలు ముందు.
ఒకటి, రెండు, మూడు,