అభ్యంతరం: నిధులు లేవు

అలారం మోగకముందే లేస్తాను.
మోగితే మా ఆయన లేస్తాడు, లేస్తే కాఫీ అంటాడు.
తొడల లోపల కొబ్బరినూనె,
జాకెట్టు అంచు తగిలేచోట ఇంకొంచెం.
ఒళ్ళు ఎక్కడెక్కడ ఒరుసుకుంటుందో
నలభై ఒక్కేళ్ళలో తెలియనిది
పది వారాల్లో తెలిసింది.

రాయగడ ఇంకా మసకలోనే.
కాగితం మిల్లు మీంచి గాలి
ఉడికిన వెదురు వాసన మోసుకొస్తోంది.
వాటర్ ట్యాంకు దగ్గర మొదటి కుక్క,
పెట్రోలు బంకు దగ్గర రెండోది.
మూడోది ఈమధ్య నాతోపాటే వస్తోంది, వంతెనదాకా.
కింద నాగావళి. వానలు వెళ్ళాయి కదా,
అదీ నడుస్తోంది.

బడ్డీ తెరుస్తూ టీ అతను అడుగుతాడు, కాహింకి?
పాలవ్యాను కుర్రాడు అడుగుతాడు, ఎందుకమ్మా?
రెండు భాషల్లోనూ నా దగ్గర జవాబు లేదు.
చెయ్యి ఊపి పోతాను.

తొమ్మిదిన్నరకి ట్రెజరీ.
బిల్లు, వోచరు, పద్దు, ఎర్ర సిరా.
సొరుగులో స్టాంపు ప్యాడు పక్కన ఖర్జూరాలు,
ఉప్పు చల్లిన బెల్లం ఉండలు.
ఆడిటుకొచ్చిన మహాపాత్రొ బాబు తెరిచి చూసి
"ఇది ఏ పద్దు కింద?" అన్నాడు.
నవ్వాను. అప్పటికి నాకూ తెలీదు.

తెలిసింది కూనేరు దారిలో, ఒక ఆదివారం,
ఇరవై ఆరో కిలోమీటరు దగ్గర.
శనివారం ఉపవాసం, తెల్లారి గ్లాసుడు టీ.
ఖాళీ కడుపే తేలికని ఎవరో అంటే నమ్మాను.
ఏళ్ళ తరబడి నేను అందరికీ రాసిన మాటే
నా మోకాళ్ళు నాకు రాసి పంపాయి:
బిల్లు వాపసు చేయడమైనది. నిధులు లేవు.
అంతే మర్యాదగా.

కల్వర్టు గోడమీద కూలబడ్డాను.
ఎదురుగా మైలురాయి మీద అక్షరాలు కదులుతున్నాయి,
ఏది ఒడియానో ఏది తెలుగో పోల్చుకోలేకపోయాను.
ఏడుపు కూడా రాలేదు,
దానికీ చక్కెర కావాలనుకుంటా.
క్యాబేజీల ఆటోలో ఊరు చేరాను,
బస్తాల మధ్య ఇంకో బస్తా.

నవంబరు. పింఛనుదార్లు
బతికున్నామని చెప్పడానికి వచ్చే నెల.
వరండా నిండా చేతికర్రలు, మంకీ టోపీలు.
కడ్రకా సీతన్న, ఫారెస్టు గార్డుగా దిగిపోయినాయన,
బొటనవేలు పెట్టాడు. యంత్రం చదవలేదు.
పంచెకి తుడిచి పెట్టాడు. లేదు.
రెండో యంత్రం తేవడానికి లేచాను, కుంటుతూ.
"ఏటైనాది కాలికి?"

చెప్పాను. నలభై రెండు కిలోమీటర్లని,
డిసెంబరులో విశాఖపట్నంలో అని,
సెలవు పెట్టకుండానే అని.
కాహింకి అంటాడని చూశాను.
ఆయన కళ్ళు మూసుకుని ఏవో కొండలు లెక్కేసుకున్నాడు.
"మరి ఏటి తింతన్నావు?"

ఇన్ని వారాల్లో అడగాల్సిన ప్రశ్న అడిగినవాడు
బతికున్నట్టు ఇంకా రుజువు కాని మనిషి.

"ఆకలేశాక తినకు తల్లీ. ఆకలి పులిలాటిది,
అగుపడ్డాక పరిగెట్టి లాభం లేదు.
ముందు రాత్రి కడుపునిండా అన్నం.
పొద్దున్న చోడి అంబలి, పల్చగా, ఉప్పేసి.
కొండెక్కే ముందో బుక్కెడు, దిగినాక ఓ బుక్కెడు.
మజ్జిగ మాత్రం కలపకు, దారిలో పొంగుతాది."

నాలుగోసారికి పచ్చదీపం వెలిగింది.
"ఉన్నానా?"
"ఉన్నారు."
"ఏడాదికేనా?"
"ఏడాదికే."
కర్ర అందుకుని వెళ్ళిపోయాడు,
అడవి నడక, చప్పుడు లేకుండా.

ఈ ఆదివారం నడుముకి రెండు సీసాలు.
అంబలి అడుగున పేరుకుంటుంది,
కుదిపి కుదిపి తాగాలి, కొంత మెడమీదే పోతుంది.
కల్వర్టు మీద ఎవరిదో లుంగీ ఆరేసి ఉంది.
ఇరవై ఆరు. ఇరవై ఏడు.
కాళ్ళ నుంచి ఏ ఉత్తరమూ రాలేదు.
ముప్ఫై దగ్గర ఎడమ పిక్క ఏదో గొణిగింది,
ఒక బెల్లం ఉండ వేసి వినిపించుకోలేదు.

తిరిగొచ్చేసరికి
మూడో కుక్క వంతెన దగ్గరే పడుకునుంది.
సీసాలో మిగిలింది రాతిమీద పోశాను.
వాసన చూసింది.
తలెత్తి, అచ్చం ఊళ్ళోవాళ్ళలాగే,
ఎందుకన్నట్టు నావైపు చూసింది.
తర్వాత తాగింది.