వెళ్ళేముందు బయటికి వచ్చేయండి

బూట్లు అక్కడ విప్పు. మంచు దులుపు.
ల్యాప్‌టాప్ తీస్తే తీశావు గానీ
మీట మాత్రం నొక్కకు.
జుగ్దిదీ నుంచి వ్యాను టాపు మీద వచ్చిన ఇనుము అది.
ఈ పొయ్యి సెగకి దానికీ చెమట పడుతుంది,
మనకు పైన పడితే దానికి లోపల.
నువ్వు టీ తాగు. దాన్నీ కాస్త ఊపిరి తీసుకోనీ.

నా పేరు నాజిబ్రోలా.
మెస్తియాలో ఈ వీధికి ఇదే ఆఖరి ఇల్లు.
మెట్ల కింద ఆ కంప్యూటరు అతిథులకోసం.
బడిపంతులు గోచా కొత్తది కొనుక్కుని
రెండు సుల్గుని జున్ను బిళ్ళలకి పాతది నాకిచ్చాడు.
'ఎ' అక్షరం గట్టిగా నొక్కాలి, దానికి చెవుడు.
గోడ మీద కాగితాలున్నాయే, నా రాతే.
ఒక్కో కాగితం వెనక ఒక్కో మనిషి.

'పేరా పేరాకీ సేవ్ చేసుకో.'
అది ఎల్జ్‌బెటా, పోలండు పిల్ల.
మూడు రాత్రులు కూర్చుని ఏదో పరిశోధన రాసింది.
మా కరెంటు సంగతి దానికేం తెలుసు,
గాలి వీస్తే పోతుంది, వీయకపోయినా పోతుంది.
పోయింది.
అరవలేదు పిల్ల.
నేను కొవ్వొత్తితో వచ్చేసరికి
వేళ్ళు ఇంకా అక్షరాల మీదే ఉన్నాయి.
పోయిన పేజీని మరిచిపోకముందే
గబగబా నాకు చెప్పడం మొదలెట్టింది,
నాకు రాని భాషలో.
తెల్లారేదాకా తల ఊపుతూనే ఉన్నాను.

'ఫొటోలు రెండు చోట్ల ఉండాలి.
ఒకే సంచిలో రెండు అరలు రెండు చోట్లు కావు.'
దీని కథ ఎంగురి నదిని అడుగు.

ఆ ఎర్ర సిరా కాగితం నా తప్పే.
టికెట్లు, హోటలు బిల్లులు, పాస్‌పోర్టు నకళ్ళు,
జనం అచ్చు తీసుకుని వదిలేసి పోతారు.
శనివారం శనివారం ఊడ్చి చెత్తబుట్టలో వేసేదాన్ని,
ఇల్లు శుభ్రమైందనుకునేదాన్ని.
ఒకరోజు గోచా ఆ బుట్ట తెరిచి చూపించాడు.
నాలుగేళ్ళ మొహాలు!
ఎవరూ నవ్వడం లేదు.
అందరూ నన్నే చూస్తున్నారు.
బుట్టని కూడా గుమ్మరించాలట, అప్పటిదాకా తెలీదు.

పాస్‌వర్డ్ కొట్టగానే
'గుర్తు పెట్టుకోనా?' అంటుంది, ఎంతో ఆపేక్షగా.
వద్దను.
మొహమాటపడకు, దానికేం బాధ లేదు.

ఇక ఈ పైనున్నది,
'వెళ్ళేముందు బయటికి వచ్చేయండి.'
చదివి అందరూ నవ్వుతారు,
బయటికి రాకుండా ఎలా వెళ్తామమ్మా అని.
కజక్‌స్తాన్ నుంచి సాబిత్ అని ఒకాయన
తెల్లవారుజామున జీపెక్కి వెళ్ళాడు, రాకుండానే.
ఆయన మెయిల్ ఇక్కడే తెరుచుకుని ఉంది.
రెండు రోజులు మెట్ల కింద
ఠింగ్, ఠింగ్, ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి,
యజమాని లేని ఇంటి తలుపు కొట్టినట్టు.
నాకు రష్యన్ వచ్చు.
ఒకటి చదివాను.
ఏముందో చెప్పను, నా కొడుకులకే చెప్పలేదు.
ఆ పూట రొట్టె మాడిపోయింది, అంతవరకు చెప్తాను.
మర్నాడు ఆయన పెట్టెలోంచే ఆయనకి రాశాను.
'తలుపు తీసి వెళ్ళిపోయావు నాయనా.
మూస్తున్నాను.
ఒక్కటి చదివాను, క్షమించు.
పాస్‌వర్డ్ మార్చుకో.
ఆమెకి జవాబు రాయి.'
పంపించి, లాగౌట్ నొక్కి,
చేతులు కడుక్కున్నాను, ఎందుకో.
చూసుకున్నాడో లేదో.
తన పేరుతో తనకే వచ్చిన ఉత్తరం కదా,
నిద్రలో తానే రాసుకున్నాననుకున్నాడేమో.

ఏదీ, మూత మీద చెయ్యి పెట్టి చూడు.
చల్లగానే ఉందా? అయితే ఇంకో కప్పు పోస్తాను.
ఈలోగా నీ ప్లగ్గు చూపించు.
మా గోడకి రెండు గుండ్రటి కాళ్ళవే పడతాయి.
పడనివాళ్ళు వదిలేసి పోయినవి
ఆ జాడీలో ఉన్నాయి, వెతుక్కో.