రిమార్కుల గడి

నక్కలగుట్ట, మూడో అంతస్తు, రాత్రి రెండున్నర.
గోడ నిండా తెరలు. తెరల నిండా ఎరుపు.
ఒక్క నిమిషంల నాలుగు వందల పన్నెండు అలారాలు.
టవరు ఏడుస్తున్నది, టవరు కింద బ్యాటరీ పెట్టె ఏడుస్తున్నది,
రేగొండ బ్యాంకు లైను, పరకాల దవాఖాన లైను
ఎవరికి వాళ్లే శోకాలు తీస్తున్నరు.
చావింట్ల ఏడ్చేటోళ్లను లెక్కపెడితే
చచ్చినోళ్ల లెక్క తేలుతదా?

మా కొత్త సాఫ్ట్‌వేరు పని అదే.
ఏడుపులన్నిటినీ ఒక్కకాడికి చేర్చి
పీనుగ ఎక్కడున్నదో చెప్పాలె.
పదకొండు సెకండ్లల్ల చెప్పింది:
తెగింది ఒక్కటే తీగ.
గూడెప్పాడు దాటినంక, కిలోమీటరు పద్దెనిమిది పాయింట్ నాలుగు,
రోడ్డుకు ఎడమ పక్క.

చప్పట్లు కొట్టబుద్ధయింది, నిజం.
దాన్ని కొనిపిచ్చేటందుకు రెండేండ్లు కొట్లాడినదాన్ని నేనే.

ఓదెలుకు ఫోన్ చేసిన. ఎడమ పక్క తవ్వు అన్న.
అవతల కుక్కల మొరుగుడు, బండి కిక్కు కొట్టిన చప్పుడు,
తర్వాత ఆయన నవ్వు.
"ఎడమ పక్క తవ్వితే నీళ్ల పైపు పలుగుతది మేడమ్.
మన తీగ అక్కడ కుడికి దుంకింది.
సారయ్య తన మిరపతోటల నుంచి పోనియ్యనన్నడు ఆ యేడు.
కాంట్రాక్టరు రాత్రికి రాత్రి రోడ్డు దాటిచ్చిండు.
కాయిదం మీదికి ఎక్కియ్యలే."

నాలుగుంబావుకు ఎరుపంతా పోయింది.

పొద్దున పదింటికి మీటింగు.
హైదరాబాదు నుంచి వ్యూహాల సారొచ్చిండు,
చొక్కా ఇస్త్రీ మడత చెదరలే.
తెర మీద ఒక బాణం, పైకి.
మనిషి చెయ్యి తగలని నెట్‌వర్కు అన్నడు,
తన రోగం తనే పట్టుకునేది, తన మందు తనే వేసుకునేది.
నాకూ అదే కల. తప్పేమున్నది?
కానీ మొన్న ఆయనే చూపెట్టిన అంచనాలల్ల
రెండేండ్లకోసారి మాఘమాసంల ములుగు దిక్కు లేచే శిఖరాన్ని
కొలతల తప్పు అని చెరిపేసింది యంత్రం.
లక్షల కాళ్లు, ఎడ్లబండ్లు, బెల్లం మూటలు
ఒక తప్పయి చెత్తబుట్టల పడ్డయి.
సార్, అది తప్పు గాదు, మేడారం అన్న.
రాసుకున్నడు. మంచోడే.

ఆఖరి స్లైడు మీద ఒక్కటే వరుస:
ఫీల్డు సిబ్బంది, ఇరవై ఆరు నుంచి తొమ్మిది.

మధ్యాహ్నం ఓదెలును పిలిచి కూసోబెట్టిన.
చాయ్ తెప్పిచ్చిన.
నీకెరుకైనవన్నీ చెప్పు, ఎక్కిస్త అన్న.
ఆయన కండ్లు మూసుకున్నడు.
బల్ల మీద వేలు నడుస్తున్నది, మెల్లగ, రోడ్డెంబడి.
"ఇది కల్వర్టు. ఇక్కడ జాయింటు,
వానల గొడుగు కింద అతికిన, గట్టిదనను, ఏమనుకోకు.
ఇక్కడ ఏపచెట్టు. చెట్టు లేదిప్పుడు, మొద్దున్నది.
మొద్దు నుంచి పన్నెండడుగులు.
నా అడుగులు, నీయి గాదు."

నా తెర మీద గడులు:
అక్షాంశం, రేఖాంశం, లోతు, తీగ రకం.
అడుగుకు గడి లేదు. మొద్దుకు లేదు.
సారయ్య కోపానికి అసలే లేదు.
చివరాఖరికి రిమార్కులని ఒకటున్నది,
రెండు వందల యాభై ఐదు అక్షరాలు పడుతయట.
అన్నీ అండ్లనే కుక్కిన.
ఒత్తులను, గుణింతాలను విడివిడిగ లెక్కపెట్టి
నడుమల్నే ఆగింది.
గడి పెద్దగ చెయ్యమని అమ్మినోళ్లకు రాసిన.
మూడు నెలలు, బిల్లు వేరే.

"ఇదంత ఎక్కినంక
నన్నెందుకు పిలుస్తరు మేడమ్?"
మామూలుగనే అడిగిండు, చాయ్ చల్లారిందన్నట్టు.
నేను తెర దిక్కే చూసిన.
ఆయన గ్లాసు కడిగి, బోర్లిచ్చి, మెట్లు దిగి పోయిండు.

రాత్రి డ్యూటీల మళ్లా తెరిచి చూస్తే
కిలోమీటరు పద్దెనిమిది పాయింట్ నాలుగు కాడ
యంత్రం దాచుకున్నది ఇంతే:
మొద్దు నుంచి పన్నెండు అడుగులు, ఓదెలు అడు