ముప్పై ఒకటో గుడ్డు

వఫ్రాలో జూలై.
బయట యాభై డిగ్రీలు.
గుడ్లకు కావలసింది ముప్పై ఏడున్నర.
వెచ్చబెట్టే పెట్టె ఉడికిపోకుండా
దాని గదికి రాత్రింబగళ్ళు ఏసీ.

మా గదిలో ఏసీ చెడి పదిరోజులైంది.
చాప చుట్టుకుని వచ్చి
ఇంక్యుబేటరు పక్కన పరుచుకున్నాను.
"అత్తారింట్లో అల్లుడి మర్యాదరా నీది" అన్నాడు
రాజంపేట చిన్నోబులేసు,
ఉల్లిపాయలు తరుగుతూ, కళ్ళు తుడుచుకుంటూ.

తెచ్చినవి నలభై.
ఏడో రాత్రి దీపమార్పి
సెల్‌ఫోను వెలుగు మీద ఒక్కొక్కటే నిలబెట్టాను.
ఎర్రటి సాలెగూడు, నడుమ
అదురుతూ ఒక నల్లపూస.
తొమ్మిదింట్లో ఏమీ లేదు, ఉత్త పసుపు నీడ.
వాటిని ఖర్జూరం చెట్ల మొదట్లో పూడ్చాను.
తిందామన్నాడు ఓబులేసు. నాకు మనసొప్పలేదు.

ఇరవై అయిదో నాటి నుంచి తిప్పకూడదు.
మూత తెరవకూడదు. నీళ్ళ గిన్నె ఎండకూడదు.
నాకు చేతులున్నాయన్న సంగతి
మరిచిపోవడమొకటే పని.

ఇరవై ఏడో నాడు, ఫజర్ బాంగుకు ముందే,
పెంకు లోపలినుంచి ఒక కూత.
నోటితో "ఆఁ" అన్నాను, ఎవరో పిలిచినట్టు.

మా అవ్వ మంత్రసాని.
సుండుపల్లె చుట్టూ ఎన్ని బొడ్లు కోసిందో
ఆమెకే లెక్క తెలీదు.
"లాగేది మన పని కాదప్పా,
వచ్చేదాన్ని పట్టుకునేదే మన పని" అనేది,
వేణ్ణీళ్ళలో చేతులు కడుక్కుంటా.

ముప్పై వచ్చాయి, వాటంతటవే,
తడిసిన దూది ఉండల్లా, ఒకదాని మీదొకటి బోర్లా పడుతూ.
ముప్పై ఒకటోది
సన్న కొస దగ్గర పొడిచింది.
గాలి ఉండేది అటువైపు కాదు.
ఇరవై గంటలైనా చిల్లు పెరగలేదు.
లోపలి పొర పాత కాగితంలా గోధుమరంగుకు తిరిగింది.

అవ్వ మాట జవదాటాను.
గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి పొరను నానబెట్టి
పంటిపుల్లతో ఇంత పెంకు ఎత్తానో లేదో
వెంట్రుకంత నెత్తురు.

నా వేలు అక్కడే ఆగిపోయింది.

తడిగుడ్డ కప్పి, మళ్ళీ పెట్టెలో పెట్టి
గోడకానుకుని కూర్చున్నాను.
దుమ్ము గాలి తలుపును రాత్రంతా గీకింది.
కరెంటు రెండుసార్లు కన్ను కొట్టింది.
రెండుసార్లూ లేచి నిలబడ్డాను, చేసేదేమీ లేకపోయినా.

పొద్దున చూస్తే నరాల్లో ఎరుపు లేదు.
ఉన్న నెత్తురంతా లోపలికి తాగేసుకుంది.
ఇంకొంచెం వలిచాను. ముక్కు. ఒక కన్ను.
తల బయటికి రాగానే చేయి తీసేశాను.
మిగతాది దాని పని.

కాళ్ళు రెండూ చెరోవైపు జారుతున్నాయి.
బ్యాండేజి పట్టీ సన్నగా కత్తిరించి
సంకెల వేసినట్టు రెంటినీ కలిపాను, మూడు రోజులు.
మేతలో రొట్టెల ఈస్టు చిటికెడు.
మునగకుండా నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు.

అబూ మిషారీ వచ్చి పుస్తకంలో ముప్పై అని రాసుకున్నాడు.
కుంటిదాన్ని చూసి,
"ఇది లెక్కలోకి రాదు, నువ్వుంచుకో."

ఆరేళ్ళు ఈ దేశంలో.
అకామా కార్డు మీద కూడా
నా పేరు పక్కన అతని పేరే.

పట్టీ విప్పాక టబ్బులో జానెడు నీళ్ళు పోసి వదిలాను.
తల్లి రెక్కల కింద పెరగలేదు కదా, ఈకలకు జిడ్డు లేదు,
అయిదు నిమిషాలకే నానిపోయింది.
బనీనుతో ఒత్తుతుంటే నా బొటనవేలు పట్టి పీకింది,
ఏదో బాకీ ఉన్నట్టు.

దీపం ఆర్పితే ఏడుస్తుంది.
చాప పక్కన నా చెప్పు ఒకటి వేశాను.
దాంట్లో ఎక్కి, మడమ అరిగిన గుంటలో సర్దుకుని
నిద్రపోయింది.

తెల్లారి, దాన్ని లేపడానికి మనసురాక
ఒక కాలి చెప్పుతోనే
మిగతా ముప్పైకి నీళ్ళు పెట్టబోయాను.
ఇసుక అప్పటికే కాలుతోంది.