మూడో కిటికీ

బెల్మీరు మళ్ళీ వచ్చాడు.
ఈసారి ఏమీ చెప్పకుండానే
పీచ్ పళ్ళ మురబ్బా సీసా ఒకటి
కిటికీ కిందినుంచి లోపలికి తోశాడు.
సీసాలో టీ రంగు నీళ్ళు.
"మా వంటింటి కుళాయి," అన్నాడు.

నేను హెర్మీనియాని.
వాల్‌పెద్రోసు పురపాలక సంఘంలో
ఇరవై ఆరేళ్ళుగా ఇదే కుర్చీ.
పన్నులు ఒకటో కిటికీ, జననమరణాలు రెండోది,
"ఇతరములు" నాది.
నీళ్ళు ఇతరముల్లోకి వచ్చి
ఇరవై రెండేళ్ళయింది.

అలవాటుకొద్దీ చెయ్యి దానంతటదే లేచి
రోడ్డవతల నీలం అద్దాల కంపెనీ ఆఫీసు చూపించింది.
ఆయన కదల్లేదు.
"అక్కణ్ణించే వస్తున్నా.
నీళ్ళు వాళ్ళవేనట, తుప్పు మాత్రం మీదట."

ఆ గుమ్మానికీ ఈ గుమ్మానికీ పద్నాలుగు అడుగులు.
భాగస్వామ్యమంటే ఆ పద్నాలుగు అడుగులే,
అరిగేవి మాత్రం గొడుగులు బాగుచేసుకునే
ఒక ముసలాయన చెప్పులు.

ఆ ఒప్పందం నాకు తెలుసు.
రెండువందల పన్నెండు పేజీలు.
రాసినవాళ్ళు లిస్బన్ నించి కార్లలో వచ్చారు,
సంతకాలు పెట్టినవాళ్ళు ఇప్పుడు
మెట్ల పక్క గోడమీద ఫొటోలయ్యారు.
ప్రతి పేజీ కింది మూల
చీమంత పొట్టి సంతకం నాది.
చదవమని ఎవరూ అనలేదు,
లెక్కపెట్టమన్నారు, లెక్కపెట్టాను.

నాలుగో అనుబంధంలో మా ఊరి జనాభా నలభై వేలు.
ఊళ్ళో ఏనాడూ పదకొండు వేలు దాటలేదు.
కాగితం మీద పుట్టిన ఆ ఇరవై తొమ్మిది వేల మందీ
ఇన్నేళ్ళుగా స్నానాలు చేస్తూనే ఉన్నారు,
దుప్పట్లు ఉతుక్కుంటున్నారు, గులాబీలు తడుపుకుంటున్నారు.
వాళ్ళ బిల్లు మేం కడుతున్నాం.

వానలు మొహం చాటేసిన ఏడాది
బడిపిల్లలచేత బొమ్మలు గీయించి గోడలకి అంటించాం:
కుళాయి కట్టెయ్యండి.
ఊరు మాట వింది.
గిన్నెలు కడిగిన నీళ్ళు టమాటా పాదులకి పోశారు.
డిసెంబరులో ఉత్తరం వచ్చింది,
మీరు తక్కువ వాడారు, తేడా చెల్లించండి, అని.
ఆ తేడా కోసం
మధ్యాహ్నాలు గ్రంథాలయానికి తాళం వేశాం.

లాభానికి వాటాలు రాసుకున్నారు,
దశాంశాలతో సహా.
తప్పు దగ్గరికొచ్చేసరికి
అది ఉభయపక్షాలదీ అయింది,
అంటే ఎవరిదీ కాకుండా పోయింది.
పంచుకుంటే పాపం తరుగుతుందంటారుగా,
తరిగి తరిగి
ఒక మురబ్బా సీసాలో ఇమిడింది.

"పైపు ఎవరిదని నేనడగలేదు,"
బెల్మీరు గొంతు పెంచలేదు,
"నీళ్ళు తెచ్చాను. తీసుకుంటావా, లేదా?"

రసీదు పుస్తకం తీశాను.
అందినది: నీళ్ళు, అర లీటరు.
కాస్త ఆగి, రంగుతో సహా, అని చేర్చాను.
బాధ్యత గల అధికారి అన్న గడిలో
ఎప్పుడూ వేసే ముద్ర ఒకటుంది,
"తగు చర్యకై పంపడమైనది".
ఆ ముద్ర ఎక్కడుందో నాకు తెలుసు,
సొరుగులో, ఎడం పక్క.
తియ్యలేదు.
పొట్టి సంతకం కాదు,
మా అమ్మ పెట్టిన పేరూ, ఇంటిపేర్లు రెండూ
గడి దాటిపోయేలా రాశాను.

ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.
"నీళ్ళు ఉంచుకో. సీసా మా ఆవిడది,
గురువారానికి కావాలి."

సోమవారం పై అంతస్తునుంచి నకలు తిరిగొచ్చింది.
నా పేరు మీద ఎర్ర గీత.
పక్కన ముత్యాల్లాంటి దస్తూరీ:
"ఈ గడి వ్యక్తులకు ఉద్దేశించినది కాదు."

సీసా నా బల్లమీదే ఉంది.
తుప్పు అడుక్కి దిగింది,
పైనంతా తేట.
ఎవరైనా సొరుగు గట్టిగా మూస్తే
మళ్ళీ లేస్తుంది.

రేపు గురువారం.
నీళ్ళు ఎక్కడ ఒంపాలో
అనుబంధాలన్నీ తిరగేశాను.
లేదు.