ఎముకల గోడ

రిచ్‌లాండ్ నుంచి ముప్పై మైళ్ళు.
గేటు దగ్గర గార్డు
నా మొహం చూడడు, బ్యాడ్జి మీద ఫోటో చూస్తాడు.
ఆ తర్వాత అంతా బూడిద రంగు పొదలు,
రేకులు కప్పేసిన రియాక్టర్లు,
వాసెన కట్టి మూలన పెట్టిన జాడీల్లా.
అటు పక్క కొలంబియా నది
ఏమీ ఎరగనట్టు.

మేమిక్కడ గోడ కడుతున్నాం.
పైకి కనపడదు. ఇటుకా లేదు, తాపీ లేదు.
ఒడ్డు పొడవునా వరస బావులు,
ఒక్కో బావిలోకి ఒక గొట్టం,
గొట్టంలో కాల్షియం, ఫాస్ఫేటు కలిపిన నీళ్ళు.
నెలల తరబడి గులకరాళ్ళ సందుల్లో పేరుకుని
మన పళ్ళలో, మోకాళ్ళలో ఉన్న ఖనిజమే అవుతాయవి.
ఏ దధీచినీ అడగలేదు.
ట్యాంకరులో తెప్పించాం, రసీదుంది.

ఎందుకంటే స్ట్రాన్షియం పగటివేషగాడు.
కాల్షియం వేషం కట్టి
పాలలోకి, చేప ముల్లులోకి, పసిపిల్లల కాళ్ళలోకి
చుట్టంలా వస్తాడు.
ఒంటికి తేడా తెలీదు, పీట వేస్తుంది.
వాడికి కావలసింది ఎముకే అయితే
నది కంటే ముందే ఓ ఎముక చూపిద్దాం అన్నారెవరో
ఏదో మీటింగులో, కాఫీ చల్లారిపోతుండగా.
ఇక్కడే కూచో నాయనా, ఇదే నీ ఇల్లు.
ఇరవై తొమ్మిదేళ్ళకోసారి సగం, అందులో సగం,
ఓ మూడొందల ఏళ్ళు కదలకుండా ఉంటే చాలు,
నువ్వే నువ్వు కాకుండా పోతావు.

డ్రిల్లర్ మార్లిస్ టోలెఫ్‌సన్‌కి అరవై రెండు.
లంచ్ డబ్బాలో శాండ్‌విచ్ పక్కన కాల్షియం మాత్రలు.
"నా వెన్ను ఎక్స్‌రే చూసి డాక్టరు జల్లెడ అన్నాడు"
అని నవ్వి, పంపు మీంచి కళ్ళు తియ్యకుండానే
రెండు మింగింది.
వాళ్ళ నాన్న అరవైల్లో ఇక్కడే కందకం తవ్వాడు.
రియాక్టరు నీళ్ళు వదిలింది అందులోకే.
ఆయన దేంతో పోయాడో ఆమె చెప్పలేదు.
నేనూ అడగలేదు.
ఫ్లో ఎంతుంది, అనడిగాను.
నిమిషానికి నలభై గ్యాలన్లు.

నూట ముప్పై ఆరో బావి ఒకటే మాట వినదు.
అటూ ఇటూ బావుల్లో అంకెలు దిగుతున్నాయి,
ఇది మాత్రం ప్రతి మే నెలా లేచి కూచుంటుంది.
ఎగువ డ్యాము నీళ్ళు వదిలినప్పుడల్లా
నది గట్టులోకి దూరి
మట్టిని పుక్కిలించి
వెనక్కి పోతుంది.
రిపోర్టులో "హెచ్చుతగ్గులు" అని రాశాను.
మార్లిస్ నా పెన్ను తీసుకుని అది కొట్టేసి
"కన్నం" అని రాసింది.

సాయంత్రం చేతులూ కాళ్ళూ యంత్రంలో పెట్టాలి.
పది సెకన్లు ఊపిరి బిగపడతాను, అక్కర్లేదని తెలిసినా.
పచ్చ దీపం.
బయట నవంబరు చీకటి. రేవులో ఓ ఆడ సాల్మన్
గుడ్లు పెట్టుకోడానికి తోకతో రాళ్ళు ఊడుస్తున్న చప్పుడు,
మా గోడకి వంద అడుగులు కూడా ఉండదు.
ట్రక్కెక్కబోతూ మార్లిస్ నడుం పట్టుకుని
కాసేపలాగే నిలబడింది.
రేపు నూట ముప్పై ఆరులో మళ్ళీ పొయ్యాలి.